ముత్యం మేత మానేసింది

గుణదల, విజయవాడ
12 జూన్ 2023

చిరంజీవి శాలూకి,

అమ్మ దీవెనలు. నిన్ను హనుమాన్ జంక్షన్ మఠంలో దింపి వచ్చి నేటికి పదకొండు రోజులు. ఏడాది దాకా ఫోను ఉండదన్నారు కాబట్టి, చెప్పాల్సినవన్నీ ఒక చీటీ మీద వరసగా రాసుకుని, అది చూస్తూ రాస్తున్నాను.

మొదట ముత్యం సంగతి. నువ్వు రాసిపెట్టి వెళ్ళినట్టే చేస్తున్నాను. రాత్రి ఎనిమిదిన్నరకి ముందుగది లైటు ఆపి, టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని చేపల తొట్టె ముందు కుర్చీ వేసుకుంటున్నాను. తొమ్మిది దాటాక గొట్టంలోంచి ముందు మీసాలు వస్తాయి. కాసేపు అలాగే ఆగి, ఎవరూ లేరనుకున్నాక తల బయటపెడుతుంది. రొయ్య ముక్కలు నాలుగు వేస్తే నాలుగూ తింటోంది. శుక్రవారం కీరదోస ముక్క ఉడికించి వేశాను, అదీ తిన్నది. ఒక్క రోజు మానలేదు. అన్నీ నోటు పుస్తకంలో తేదీలతో రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళు ఇంట్లో ఉన్నా దాన్ని సరిగ్గా చూసింది ఇప్పుడే. పగలంతా గొట్టంలో దాక్కునే జెల్ల చేపని ఆఫ్రికా నుంచి తెప్పించుకోవడమేమిటని నిన్ను తిట్టిన మాట నిజమే. నల్లటి ఒంటి మీద ఆ తెల్లచుక్కలు చూస్తే, ఎవరో తీరిగ్గా కూర్చుని పెట్టినట్టున్నాయి. మొన్న నీళ్ళు మారుస్తూ వలలోకి తీస్తే కిర్రు కిర్రుమని అరిచింది. హడలిపోయి వదిలేశాను. "ఆఫ్రికా భాషలో తిట్టిందిలే" అని మీ నాన్న ఒకటే నవ్వు.

ఆయనకి ఈ వారమంతా రాత్రి డ్యూటీలే. గూడ్సు బండి గార్డుకి వేళాపాళా ఏముంది.

గుడిలో ఆడవాళ్ళంతా నన్ను "సిస్టర్ వాళ్ళమ్మా" అని పిలుస్తున్నారు. నవ్వుతున్నాను.

మీ అమ్మ
తెరేసమ్మ


హనుమాన్ జంక్షన్
26 జూన్ 2023

క్రీస్తునందు ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం చదివి ఎంత హాయిగా ఉందో! ఇక్కడ ఉత్తరాలు మా శిక్షణ సిస్టర్ తెరిచి చూసి ఇస్తారు. ముత్యం తిట్ల దగ్గర ఆవిడ కూడా నవ్వారట.

నాలుగున్నరకి లేస్తున్నాం. ప్రార్థన, పూజ, తర్వాత పనులు. నాకు కూరగాయల మడి ఇచ్చారు. బెండకి నీళ్ళు పెట్టడం, గోంగూర కొయ్యడం. మధ్యాహ్నం మాట్లాడకూడదు. మొదటి వారం ఆ నిశ్శబ్దానికి పిచ్చెక్కింది, ఇప్పుడు దానికోసమే ఎదురుచూస్తున్నాను. వచ్చే జూన్‌లో మాటపట్టు. దేవుడికి మాట ఇచ్చే ఆ రోజు నువ్వూ నాన్నా ముందు వరసలో కూర్చోవాలి.

ఒక సంగతి చెప్తాను, నువ్వూ నవ్వుకుంటావు. మొన్న భోజనాల దగ్గర శిక్షణ సిస్టర్ అందరినీ అడిగారు, ఇల్లు వదిలి వచ్చేటప్పుడు దేన్ని వదలడం కష్టమైందని. ఒకమ్మాయి వాళ్ళమ్మని అంది, ఒకమ్మాయి తమ్ముణ్ణి అంది. నా వంతు వచ్చేసరికి "నా చేపని" అన్నాను. ఒక్కసారిగా అందరూ నవ్వు, పక్కనున్న అమ్మాయికి పొలమారింది కూడా. అప్పట్నుంచి నన్ను చేపల సిస్టర్ అంటున్నారు.

నువ్వు పెట్టినా ముత్యం తింటోందంటే ఇక నాకు ఇంటి గురించి బెంగేమీ లేదమ్మా. మనసు తేలికైపోయింది.

నీ
శాలిని


గుణదల
5 జూలై 2023

శాలూకి,

ఉత్తరం అందింది. నువ్వు సంతోషంగా ఉన్నావు, మాకు కావలసిందీ అదే.

ముత్యం వారం రోజులుగా మేత ముట్టడం లేదు. ముందు రాయకూడదనుకున్నాను. కానీ నీ చేప సంగతి నీకు చెప్పకపోతే ఎలా? రొయ్య ముక్కలు తెల్లారేసరికి వేసినవి వేసినట్టే అడుగున పడి ఉంటున్నాయి. చీకటి పడ్డా గొట్టంలోంచి రావడం లేదు. నువ్వు వెళ్ళిపోయావని దానికి ఇప్పటికి తెలిసినట్టుంది. "చేపకి మనుషులు తెలుస్తారా" అంటారు మీ నాన్న. ఎనిమిదేళ్ళు ఒక చేతి మేత తిన్నాక తెలియకుండా ఉంటుందా?

నువ్వు మనసు పాడు చేసుకోకు. నీ పని నువ్వు చూసుకో.

అమ్మ


హనుమాన్ జంక్షన్
14 జూలై 2023

అమ్మా,

నాలుగు రోజుల నుంచి ప్రార్థనలో కూర్చుంటే గొట్టం, మీసాలు, అడుగున పడి ఉన్న రొయ్య ముక్కలు తప్ప ఏమీ గుర్తు రావడం లేదు. ముత్యం ఎప్పుడూ మేత మానలేదు. నాకు టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచం మీద ఉన్నప్పుడు నాన్న ఎప్పుడు పడితే అప్పుడు వేసినా తిన్నది.

జాగ్రత్తగా చూసి రాయి. ఒంటి మీద చుక్కలు కాకుండా, ఉప్పురవ్వల్లాంటి గింజలు కొత్తగా ఏమైనా వచ్చాయా? రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటోందా? మొప్పలు తొందరతొందరగా ఆడుతున్నాయా? నీళ్ళలో ఉప్పు మాత్రం వెయ్యొద్దు. అది పొలుసుల్లేని చేప, తట్టుకోలేదు.

నాకు దాన్ని అమ్మిన నిసార్ అంకుల్‌కి వన్‌టౌన్ కొట్టు చిరునామాకి వేరే ఉత్తరం రాశాను. ఆయన వచ్చి చూస్తారు. ఆయన ఏది చెప్తే అది చెయ్యి. నీ చేతిలో ఉంటే తప్పు జరగదు, నాకు తెలుసు.

శాలిని


గుణదల
2 ఆగస్టు 2023

శాలూకి,

నిసార్ భాయ్ పోయిన గురువారం మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. "చెల్లెమ్మా, కరెంటు ఆఫీసు వాళ్ళు కాకుండా నాకు ఉత్తరం రాసినవాళ్ళు మీ అమ్మాయే. పదేళ్ళయింది ఉత్తరం చూసి" అన్నారు. టీ తాగి, తొట్టె ముందు గొంతుక్కూర్చుని గొట్టంలోకి టార్చి కొట్టి చూశారు.

"తోక తప్ప ఏమీ కనపడట్లేదు. గొట్టం ఎత్తి చూద్దామా?"

"వద్దు భాయ్, బెదిరిపోతుంది" అన్నాను.

"అదీ నిజమే. పగలు కనపడని చేప. మీరు చెప్పిందే నాకు చూపు. చెప్పండి."

చెప్పాను. ఉప్పురవ్వల్లాంటి గింజలు ఉన్నాయని, రాళ్ళకి రుద్దుకుంటోందని, మొప్పలు గబగబా ఆడుతున్నాయని. ఆయన ప్రతి దానికీ తల ఊపారు. మర్నాడు కొట్టు మనిషితో నీలం మందు సీసా పంపి, నాకు ఫోను చేసి చెప్పారు. "సీసా మీద రాసింది పొలుసుల చేపకి. మన దానికి అందులో సగమే. అదీ రోజు విడిచి రోజు. మర్చిపోకండమ్మా, ఎక్కువైతే చచ్చిపోతుంది."

సగమే వేస్తున్నాను. నలభై చుక్కలు, లెక్కపెట్టి. ఇంకా గుణం కనిపించలేదు.

మీ నాన్న డ్యూటీ దిగి రాగానే చెప్పులైనా విప్పకుండా తొట్టె దగ్గరికే వెళ్తున్నారు. "ఏమేవ్, ఇవాళైనా తిన్నదా?" అని వాకిట్లోంచే అడుగుతారు. లేదని చెప్తే అన్నం సరిగ్గా తినరు.

దాన్ని బాగు చెయ్యడం నా చేతిలో లేదేమో. నువ్వొచ్చి రెండు రోజులు నీ చేత్తో మేత పెడితే తింటుందేమోనని అనిపిస్తుంది. ఊరికే అన్నాను. మిమ్మల్ని అలా పంపరని తెలుసు.

అమ్మ


హనుమాన్ జంక్షన్
17 ఆగస్టు 2023

అమ్మా,

శిక్షణ సిస్టర్‌ని అడిగాను. చేప కోసమని చెప్పడానికి సిగ్గేసింది, అయినా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చాలాసేపు నా ముఖం చూసి, "నిన్ను పిలుస్తున్నది చేపేనా?" అని అడిగారు.

నిన్న పిలిచి చెప్పారు. సెప్టెంబరు ఎనిమిదిన మాత పండగ అయ్యాక, పదహారో తేదీన ఇంటికి వెళ్ళొచ్చు. పది రోజులు. "తిరిగి రావాలనిపిస్తేనే రా. రాకపోయినా నీ మీద మాకు కోపం ఉండదు. కానీ అక్కడ కూర్చుని తేల్చుకో" అన్నారు.

జూన్‌లో ఈ మాట వినుంటే ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏడుపు రాలేదు. రాత్రి పడుకున్నాక, అక్కడే ఉండిపోతే మాత్రం ఏమైందనిపించింది. ఇక్కడ దేవుణ్ణి వెతుక్కుంటున్నానా, ఇంట్లో చెయ్యాల్సినదాన్నుంచి పారిపోయి వచ్చానా? నా మీద ఆధారపడ్డ ఒక్క ప్రాణాన్ని గాలికొదిలి వచ్చి, పెదవులతో జపమాల చెప్తున్నానేమోనని భయంగా ఉంది.

పదహారు దాకా దాన్ని బతికించు అమ్మా.

శాలిని


గుణదల
30 ఆగస్టు 2023

శాలూ,

ముత్యం పోయింది. సోమవారం తెల్లవారుజామున.

శనివారం నేను మీ పిన్ని వాళ్ళ కొత్తింట్లో ప్రార్థనకి కంకిపాడు వెళ్ళాను, రెండు రోజులకి. మీ నాన్నకి మేత వెయ్యమని మాత్రం చెప్పాను. మందు సంగతి చెప్పలేదు. తొందరలో నేను మర్చిపోయాననుకుని, చేప ఏమైపోతుందోనని, సీసా మీద చదువుకుని ఆయనే వేశారు. పూర్తి మోతాదు. శనివారం రాత్రీ, ఆదివారం రాత్రీ. సగమే వెయ్యాలని ఆయనకి తెలియదు.

తెల్లవారుజామున నాలుగింటికి ఫోను చేసి, "తెరేసూ, ముత్యం వెల్లకిలా తేలుతోంది, తొందరగా రా" అన్నారు. మొదటి బస్సు పట్టుకుని వచ్చేసరికి అయిపోయింది. నిసార్ భాయ్ వచ్చి, మోతాదు విని, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. మీ నాన్నకి అర్థమైపోయింది.

ఈ విషయం గురించి ఆయనకి ఏమీ రాయకు. తట్టుకోలేరు. నువ్వు మాత్రం పదహారుకి రా. ఆయన్ని చూడటానికైనా రా.

అమ్మ


హనుమాన్ జంక్షన్
4 సెప్టెంబరు 2023

అమ్మా,

నాన్నకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నాన్నా, నా మీద ప్రేమతో చేసిన పని అది. జబ్బు ముదిరిపోయింది, నువ్వు వెయ్యకపోయినా అది బతికేది కాదేమో. నిన్ను నేను తప్పు పట్టను. దేవుడి మీద ఒట్టు.

అమ్మా, పదహారున పది గంటల బస్సుకి వస్తాను. పెట్టె సర్దేసుకున్నాను, అన్ని బట్టలూ పెట్టాను. శిక్షణ సిస్టర్‌కి కూడా చెప్పేశాను, బహుశా తిరిగి రానని. జబ్బుచేసిన ప్రాణాన్ని వదిలేసి, దాన్ని చూసుకునే పాపం నాన్న నెత్తిన పెట్టి ఇక్కడ కూర్చున్నాను. ఇలాంటిదాన్ని దేవుడు మాత్రం ఏం చేసుకుంటాడు?

శాలిని


గుణదల
8 సెప్టెంబరు 2023

శాలూ,

ఇది మీ సిస్టర్ కూడా చదువుతారని తెలిసే రాస్తున్నాను. చదవనీ.

ముత్యానికి ఏ జబ్బూ రాలేదు. అది ఒక్క పూట కూడా మేత మానలేదు. నా నోటు పుస్తకంలో రోజూ నాలుగు ముక్కలని నిజమే రాశాను. నీకు రాసింది అబద్ధం.

నీ జూన్ ఉత్తరం వంటింటి గడప మీద కూర్చుని చదివాను. ఒకమ్మాయి వాళ్ళమ్మని అంది, నువ్వు చేపని అన్నావు. నువ్వూ నవ్వుకుంటావని రాశావు కదా, నవ్వాలనే చూశాను. ఆ రాత్రి ముత్యం ఎప్పటిలాగే వచ్చి నాలుగు ముక్కలూ తినేసి వెళ్ళింది. నేను తినలేకపోయాను. వారం రోజులు నేనే సరిగ్గా తినలేదు. పగలు తలుపు వేసుకుని పడుకున్నాను. అదంతా చేప పేరు మీద రాసి నీకు పంపాను. నువ్వు ఒక్కసారి వచ్చిపోతే చాలనుకున్నాను. మఠానికి వెళ్తానన్నప్పుడు వద్దని ఒక్క మాట అడగలేకపోయాను. గుడిలో అందరూ చేతులు పట్టుకుని మురిసిపోతుంటే నేనూ మురిసిపోయినట్టు నిలబడ్డాను. అడగాల్సినప్పుడు అడగలేక, చేపని అడ్డం పెట్టుకున్నాను.

తర్వాత నువ్వు గింజలున్నాయా, రుద్దుకుంటోందా, మొప్పలు ఆడుతున్నాయా అని అడిగావు. ఏ జబ్బుకి ఏ లక్షణమో నాకేం తెలుసు? నువ్వడిగిన ప్రతిదానికీ ఔనన్నాను, అంతే. నిసార్ భాయ్‌కీ అదే అప్పజెప్పాను. ఆయన నా మాటనే చూపు అన్నప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు.

మందు నేను ఒక్క చుక్క కూడా తొట్టెలో వెయ్యలేదు. రోజు విడిచి రోజు నలభై చుక్కలు లెక్కపెట్టి సింకులో పోశాను. సీసాలో మందు తగ్గకపోతే మీ నాన్నకి అనుమానం వస్తుందని. ఆయన రాత్రి డ్యూటీకి వెళ్ళాకే మేత పెట్టేదాన్ని కాబట్టి, అది తినడం ఆయన చూడలేదు. ఎలాగూ వెయ్యని మందుకి సగమని ఆయనకి చెప్పడమెందుకనుకున్నాను. కంకిపాడు వెళ్తూ సీసా అలమరలో ముందు వరసలోనే పెట్టి వెళ్ళాను, ఎప్పుడూ పెట్టే చోటే. ఆయన మాత్రం నా మాట నమ్మి, నిజంగానే జబ్బుచేసిందనుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, సీసా వెలుతురులో పట్టుకుని చదివి, వేశారు.

నీకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఆగస్టు మొదటికల్లా అది నా వేళ్ళ మధ్యలోంచి రొయ్య ముక్క తీసుకునేది. మీసాలు వేలికి తగిలేవి, మెత్తగా. ఆ మాట నీకు రాయాలని ఎంతగా అనిపించేదో. జబ్బుచేసిన చేప గురించి అలా ఎలా రాస్తాను? ఆ రాత్రులే మేత తినడం లేదని నీకు ఉత్తరం రాసి, కవరు అంటించి, వెళ్ళి దానికి మేత పెట్టాను.

పోయాక కూడా చెప్పలేదు చూడు. మీ నాన్న మీదికి పోయేలా రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే అది అన్నిటికంటే పెద్ద అబద్ధం.

నిన్న పాపసంకీర్తనానికి వెళ్ళాను. ఫాదర్ అంతా విని, "నాకు చెప్తే దేవుడు వింటాడమ్మా, మీ అమ్మాయి వినదు. ఇంటికెళ్ళి ఉత్తరం రాయండి" అన్నారు.

నువ్వు ఏ ప్రాణాన్నీ గాలికొదలలేదు. పదహారుకి రావాలనుంటే రా. కానీ ఈ చేప కోసం మాత్రం రాకు. తిరిగి మఠానికి వెళ్ళడం మానాలనుకుంటే, దానికి వేరే కారణం ఉండాలి. నేను అల్లిన కారణం కాదు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించాల్సి వస్తుంది, నువ్వున్న చోటు అలాంటిది.

తెరేసమ్మ


హనుమాన్ జంక్షన్
14 సెప్టెంబరు 2023

అమ్మా,

శిక్షణ సిస్టర్ మొదటి పేరా చదివి, ఉత్తరం మడిచి, "ఇది నీదే" అని నా చేతిలో పెట్టారు. ఇంకెవరూ చదవలేదు.

పెట్టె విప్పేశాను. పదహారున రావడం లేదు. కోపంతోనా అని సిస్టర్ అడిగారు. కోపం ఉందని చెప్పాను. దాంతో ఏ నిర్ణయమూ తీసుకోవద్దన్నారు, అందుకని ఉండటమూ నిర్ణయం కాదు. కొన్నాళ్ళు మడిలో పని చేసుకుంటాను.

నీ వేలికి మీసాలు తగిలేవన్న చోట ఆగిపోయాను. ఎనిమిదేళ్ళలో నా చేతిలోంచి ఎప్పుడూ తీసుకోలేదది. నీ మీద అసూయ పడాలో, నిన్ను తిట్టాలో, నీతో కలిసి ఏడవాలో తెలియలేదు. మూడూ అయ్యాయి.

కానీ నీ ఉత్తరం నాలుగుసార్లు వెతికాను, ఒక మాట కోసం. నాన్నకి చెప్పానని ఎక్కడా లేదు. ఫాదర్‌కి చెప్పావు. నాకు చెప్పావు. ఫాదర్ తెర వెనక ఉంటారు, నేను నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాను. నాన్న నీ పక్క గదిలో ఉన్నాడు, తనే చంపాననుకుంటూ.

ముందు నాన్నకి చెప్పు. ఆ తర్వాతే నాకు రాయి.

శాలిని


గుణదల
19 సెప్టెంబరు 2023

శాలూ,

నిన్న రాత్రి చెప్పాను.

ఆయన పదింటి డ్యూటీకి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. నీళ్ళు తీసేసిన తొట్టె ఇంకా ముందుగదిలోనే ఉంది. దాని పక్కన నిలబడి, జూలై ఉత్తరం నుంచి సింకు దాకా వరసగా చెప్పాను. చీటీ రాసుకోలేదు. ఆయన గుండీ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అంటే దానికేమీ లేదా?"

"ఏమీ లేదు."

"నేను వేసిన రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

తొట్టె వంక చూశారు. "రోజూ వాకిట్లోంచి అడిగేవాణ్ణే తెరేసూ, తిన్నదా అని. రోజూ లేదనేదానివి. నీకు ఎలా వచ్చేదే ఆ మాట?" అన్నారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. నేను కట్టిన అన్నం డబ్బా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయారు. ఇరవై తొమ్మిదేళ్ళలో డబ్బా మర్చిపోయింది లేదు, ఇప్పుడూ మర్చిపోలేదని నాకు తెలుసు.

ఇప్పుడు తెల్లవారుజాము అయిదయింది. ఆయన బండి ఆరింటికి వస్తుంది. రాత్రంతా కూర్చునే ఉన్నాను. ఆయన వచ్చి ఏమంటారో తెలిశాక నీకు రాద్దామనుకున్నాను. అంతదాకా ఆగితే, ఆయన అన్నదాన్ని నీకు నచ్చేలా కాస్త అటూఇటూ చేసి రాస్తానేమోనని నా మీద నాకే భయం వేసింది. అందుకే ఆయన రాకముందే వెళ్ళి ఇది పోస్టు డబ్బాలో వేసి వస్తున్నాను.

అమ్మ